సిరప్ మాత్ర కంటే బాగా పనిచేస్తుందా? నాన్నగారి మాత్రలు నూరి ఇవ్వచ్చా?

మీరు అడిగింది ఇదీ. మీ నాన్నగారికి (78 కిలోలు, బీపీ, షుగర్ ఉన్నాయి) జ్వరం వస్తే పారాసెటమాల్ 500 ఒకటి వేశారు, గంటన్నర దాటినా ఒళ్ళు కాలుతూనే ఉంది. అదే వారం మీ నాలుగేళ్ళ బాబుకి (17 కిలోలు) జ్వరం వస్తే 250 సిరప్ 5 ఎం.ఎల్ తాగించారు, కాసేపటికే లేచి ఆడుకున్నాడు. దాంతో సిరప్ మాత్ర కంటే బాగా పనిచేస్తుందేమో అనిపించింది. పైగా నాన్నగారు ఈమధ్య మాత్రలు మింగడానికి ఇబ్బంది పడుతున్నారు కాబట్టి ఆయన రోజూ వేసుకునే మెట్‌ఫార్మిన్ ఎస్.ఆర్ (షుగర్‌కి, మందుని నెమ్మదిగా వదిలే రకం), టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ (రెండూ బీపీకి), పాంటోప్రజోల్ (అసిడిటీకి) కూడా సిరప్‌లో దొరుకుతాయా, దొరక్కపోతే నూరి తేనెలో కలిపి ఇవ్వచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, సిరప్ బాగా పనిచేస్తుందన్నది నిజం కాదండీ. ఒకే మందు ఒకే మోతాదులో లోపలికి వెళ్తే సిరప్ అయినా మాత్ర అయినా చేసే పని దాదాపు ఒకటే. సిరప్ కొంచెం ముందుగా మొదలుపెడుతుంది, అంతే. కొన్ని మందులకి మినహాయింపులున్నాయి, కింద రాస్తాను. ఇక నూరడం సంగతి: మొత్తం చదివే తీరిక లేకపోతే ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి, మెట్‌ఫార్మిన్ ఎస్.ఆర్, పాంటోప్రజోల్ ఈ రెండూ నూరకూడదు.

నేను ఫార్మసిస్టుని. చాలాకాలం మందుల షాపు కౌంటర్లో, ఆ తర్వాత ఆసుపత్రి ఫార్మసీలో పనిచేశాను. డాక్టర్ని కాదు కాబట్టి మీ నాన్నగారు ఏ మందు వాడాలో నేను చెప్పను. మందు ఏ రూపంలో వెళ్తే లోపల ఏమవుతుందో అది మాత్రం చెప్పగలను.

ముందు మీ ఇంట్లో జరిగిన దాన్నే లెక్కేద్దాం, ఎందుకంటే సమాధానం సగం అందులోనే ఉంది. పిల్లలకి పారాసెటమాల్ బరువుని బట్టి ఇస్తారు, కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఒక డోసు. మీ బాబుకి 250 మిల్లీగ్రాములు వెళ్ళింది, అంటే కిలోకి దాదాపు 15. మీ నాన్నగారికి 78 కిలోలకి 500, అంటే కిలోకి ఆరున్నర కూడా లేదు. బరువు లెక్కన బాబుకి ఆయన కంటే రెట్టింపుకి పైగా మందు అందింది! తేడా సీసాలో లేదు, మోతాదులో ఉంది. పెద్దవాళ్ళకి ఒక డోసు 500 నుంచి 1000 వరకు, రోజు మొత్తానికి 4 గ్రాములు మించకుండా అని లెక్క, 650 మాత్ర అంతగా అమ్ముడుపోవడానికి ఇదీ ఒక కారణం. అలాగని ఇది చదివి ఆయనకి రెండేసి మాత్రలు వేసేయకండి. లివర్ సమస్య ఉన్నా, మద్యం అలవాటున్నా, బాగా నీరసించినా ఆ పరిమితి ఇంకా తగ్గుతుంది, పైగా జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసెటమాల్ కలిసే ఉంటుంది కాబట్టి తెలియకుండానే డబుల్ అవుతుంది. ఒకసారి ఆయన డాక్టర్‌ని అడిగి ఆయన డోసు ఎంతో రాయించుకోండి, ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించుకోండి.

ఇంకొకటి, నాన్నగారు భోజనం చేశాక వేసుకున్నారా? కడుపు నిండా ఉంటే మాత్రైనా సిరపైనా పేగుల్లోకి దిగడానికి ఆలస్యమవుతుంది. పారాసెటమాల్ వేశాక ఒళ్ళు బాగా చల్లబడటానికి రెండు గంటలు పట్టడం మామూలే. పిల్లలు జ్వరం ఒక డిగ్రీ దిగినా లేచి పరిగెడతారు, పెద్దవాళ్ళు జ్వరం పూర్తిగా దిగాక కూడా దుప్పటి తీయరు.

ఇప్పుడు అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మాత్ర కడుపులో పడ్డాక ముందు విడిపోవాలి, ఆ ముక్కలు కరగాలి, కరిగిన మందు చిన్నపేగులోకి వెళ్ళాలి, అక్కడ రక్తంలోకి ఎక్కాలి. సిరప్‌కి మొదటి మెట్టు ఉండదు, కరిగిన ద్రావణమైతే రెండోది కూడా ఉండదు. మిగతా దారంతా ఇద్దరికీ ఒకటే. మరి ఆ మొదటి మెట్టుకి ఎంతసేపు పడుతుంది? మన ఇండియన్ ఫార్మకోపియా (మందుల నాణ్యత ప్రమాణాల పుస్తకం) ప్రకారం పూత లేని మామూలు మాత్ర 37 డిగ్రీల నీళ్ళలో 15 నిమిషాల్లోపు విడిపోవాలి, పల్చటి ఫిల్మ్ పూత ఉన్నదైతే 30 నిమిషాల్లోపు. డి.ఫార్మసీ చదివిన ప్రతివాళ్ళూ ల్యాబ్‌లో ఆ గాజు గొట్టాలు పైకీ కిందకీ ఆడుతుంటే గడియారం పట్టుకుని నిలబడ్డవాళ్ళే. అంటే మీరు సిరప్‌తో సంపాదించేది సుమారుగా ఒక పావుగంట, మహా అయితే అరగంట. పారాసెటమాల్ సిరప్ ఖాళీ కడుపున దాదాపు అరగంటకి రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరితే, మాత్రకి ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. రెండు గంటలు దాటాక రెండింటికీ పెద్ద తేడా ఉండదు.

తలనొప్పికో జ్వరానికో ఆ పావుగంట లెక్కలోకి రావచ్చు. బీపీ మాత్రకి, షుగర్ మాత్రకి, థైరాయిడ్ మాత్రకి రాదు, అవి నెలల తరబడి రోజూ పడుతూ ఉంటే పనిచేసేవి.

ఆ పావుగంట కూడా మాత్రలోనే సంపాదించవచ్చు. గుండెపోటు అనుమానం వస్తే ఆస్పిరిన్ మింగొద్దు, నమిలేయండి అని డాక్టర్లు చెప్పేది ఇందుకే, విడిపోయే మెట్టు నోట్లోనే పూర్తవుతుంది. ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ అయితే నోటి పొరల్లోంచే నేరుగా రక్తంలోకి వెళ్తుంది, పేగుల దాకా వెళ్ళే పనే లేదు. నొప్పి మొదలైనప్పుడు దాన్ని మింగేస్తే రావాల్సిన వేగం రాదు, అది కూడా చాలామంది చేస్తున్నారు. కాబట్టి "మాత్ర నెమ్మది, నీళ్ళమందు వేగం" అన్నది కూడా పూర్తి నిజం కాదు.

మనవాళ్ళకి సీసా మందు మీద ఈ నమ్మకం ఎక్కడిదంటే నాకు తోచింది చెప్తాను. మా ముందు తరం ఆర్ఎంపీ దగ్గరికో సర్కారు దవాఖానకో వెళ్తే కాంపౌండర్ గారు పెద్ద సీసాల్లోంచి ఎర్రటి మిక్చర్ కలిపి, మీరు తెచ్చుకున్న సీసాలో పోసి, పక్కన డోసుల గుర్తులు కత్తిరించిన కాగితం అంటించి ఇచ్చేవారు. అది ఆ మనిషి కోసమే కలిపిన మందు. గోళీలు అందరికీ ఒకటే, మిక్చర్ నాకోసం అనే భావన అలా మిగిలిపోయింది. ఇప్పటికీ కౌంటర్ దగ్గర "డాక్టరు గారు ఒట్టి గోళీలే రాశారు, ఒక టానిక్ కూడా ఇవ్వు బాబూ, బలం ఉండాలి కదా" అని అడగని రోజు ఉండేది కాదు. ఆ టానిక్కుల్లో చాలావరకు బి-కాంప్లెక్సు, చక్కెర, రంగు. గర్భిణులకి ఆశా కార్యకర్తలు ఉచితంగా ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. దాన్ని పక్కన పెట్టి వందలు పోసి టానిక్ కొనేవాళ్ళకి నేను ఒకటే చెప్పేదాన్ని, లేబుల్ మీద ఎలిమెంటల్ ఐరన్, అంటే అసలు ఐరన్, ఎంతుందో చూసి అప్పుడు కొనండమ్మా అని. చూశాక సగం మంది కొనేవాళ్ళు కాదు, మా ఓనర్‌కి నామీద కోపం వచ్చేది.

సరే, సిరప్ నిజంగా మేలైన చోట్లు లేవా అంటే ఉన్నాయి.

అసిడిటీకి వేసే యాంటాసిడ్ జెల్ ఒకటి. అది రక్తంలోకి వెళ్ళి పనిచేసేది కాదు, కడుపులో ఉన్న ఆమ్లాన్ని తాకాలి అంతే, కాబట్టి ద్రవమైతే వెంటనే పరుచుకుంటుంది. మాత్ర వేసుకుంటే బాగా నమిలి తినాలి, చాలామంది దాన్ని కూడా గబుక్కున మింగేసి పనిచేయట్లేదు అంటారు. గొంతుకి, అన్నవాహికకి పూతలా అంటాల్సిన సుక్రాల్ఫేట్ సస్పెన్షన్ (మందు పొడి తేలుతూ ఉండే ద్రవం) కూడా అంతే. చిన్నపిల్లలు, ముక్కులోంచి ట్యూబు ఉన్న పేషెంట్లు సరేసరి, వాళ్ళకి నూరిన మాత్ర ట్యూబుని మూసేస్తుంది, ఐసీయూ నుంచి నాకు వచ్చిన ఫోన్లలో చాలావరకు ఈ సంగతి మీదే.

ఇంకొన్ని మందులకి రూపం మారితే రక్తంలోకి ఎక్కే శాతమే మారుతుంది. గుండె మందు డిగాక్సిన్ మాత్రలోంచి సుమారు 70 శాతం రక్తంలోకి వెళ్తే, ద్రవంలోంచి 80 శాతం దాకా వెళ్తుంది. దానికి డోసు మరీ సన్నటి గీత మీద నడుస్తుంది కాబట్టి ఆ పది శాతం కూడా చూసుకోవాలి. ఫంగస్‌కి వాడే ఇట్రాకొనజోల్ ద్రావణం క్యాప్సూల్ కంటే బాగా ఎక్కుతుంది, పైగా క్యాప్సూల్ అన్నం తిన్నాక, ద్రావణం ఖాళీ కడుపున, పూర్తి వ్యతిరేకం. ఇది విని ద్రవమే గొప్ప అనుకునేలోపు దాని చుట్టం పోసకొనజోల్ సంగతి వినండి, కరోనా తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చిన ఇళ్ళలో ఈ పేరు తెలిసే ఉంటుంది. దానికి మాత్రే మెరుగు, సస్పెన్షన్ సరిగ్గా ఎక్కాలంటే కొవ్వున్న భోజనంతో తీసుకోవాలి. కాబట్టి రూల్ ఏమీ లేదు, మందుని బట్టే. మాత్ర నుంచి సిరప్‌కి మారడం డాక్టర్‌కి చెప్పకుండా ఇంట్లో చేసుకునే పని కాదు అని నేను అనేది ఇందుకే.

ఇప్పుడు సిరప్ అసలు బలహీనత దగ్గరికి వద్దాం. మాత్రని కంపెనీ కొలుస్తుంది. సిరప్‌ని మీరు కొలవాలి. రాత్రి రెండింటికి, ఏడుస్తున్న పిల్లాడిని ఒళ్ళో పెట్టుకుని, చిన్న లైటు వెలుతురులో.

చెంచా అంటే ఏ చెంచా? టీ చెంచా 5 ఎం.ఎల్ అని పుస్తకాల్లో ఉంటుంది గానీ మన ఇళ్ళలో టీ చెంచాలు ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు, ఉగ్గు గిన్నె చెంచా వేరు, హార్లిక్స్ డబ్బాలో వచ్చిన చెంచా వేరు. సీసా మూతగా ఇచ్చే కప్పు పర్వాలేదు గానీ దానిమీద గీతలు కంటి ఎత్తులో పెట్టి చూడాలి, పైనుంచి చూస్తే తప్పు వస్తుంది. చిన్న డోసులకి సూది లేని సిరంజి అన్నిటికంటే మంచిది. 5 ఎం.ఎల్ సిరంజి కొని కడిగి వాడుకోండి.

దానికంటే పెద్ద ప్రమాదం బలం తేడా. పారాసెటమాల్ ఒక్కటే తీసుకోండి, 5 ఎం.ఎల్‌లో 120 లేదా 125 ఉన్నది ఒకటి, 5 ఎం.ఎల్‌లో 250 ఉన్నది ఒకటి, పసిపిల్లల డ్రాప్స్ అయితే ఒక్క ఎం.ఎల్‌లోనే 100. డాక్టర్ డ్రాప్స్ రాసినప్పుడు ఒక ఎం.ఎల్ అని చెప్తారు, ఆర్నెల్ల తర్వాత సిరప్ రాసి 5 ఎం.ఎల్ అంటారు, ఇంట్లో అమ్మమ్మకి 5 అనేది గుర్తుండి పాత డ్రాప్స్ సీసాలోంచి 5 పోసేస్తుంది. ఇలాంటి ఒక పాపని మేము ఆసుపత్రిలో చూశాం. ఇంట్లోవాళ్ళు వెంటనే పట్టుకుని సీసాతో సహా పరుగెత్తుకొచ్చారు కాబట్టి బయటపడింది. అప్పట్నించి నేను డ్రాప్స్ ఇచ్చేటప్పుడు సీసా మీద మార్కర్‌తో "సిరప్ కాదు" అని రాసి ఇచ్చేదాన్ని. మీ ఇంట్లో రెండూ ఉంటే ఇవ్వాళే ఒకటి తీసేయండి.

కలపడం, ఊపడం. కొన్ని సిరప్‌లలో మందు పూర్తిగా కరిగి ఉంటుంది. ఇంకొన్నిట్లో సన్నటి పొడిలా తేలుతూ ఉంటుంది, సస్పెన్షన్ అని లేబుల్ మీద రాసి ఉంటుంది, నిలవ ఉంటే అడుక్కి చేరిపోతుంది. ఊపకుండా పోస్తే మొదటి వారం చప్పటి నీళ్ళు, చివరి వారం చిక్కటి మందు. మూర్ఛకి వాడే ఫెనిటాయిన్ సస్పెన్షన్ ఈ విషయంలో ప్రమాదకరమైనది. ఒక తల్లి వచ్చి "కొత్త సీసా తెరిచినప్పుడల్లా ఫిట్స్ వస్తున్నాయి, సీసా అయిపోయే ముందు పిల్ల తూలుతోంది, కళ్ళు మత్తుగా ఉంటున్నాయి" అంది. డాక్టర్ డోసు పెంచాలా తగ్గించాలా అని తర్జనభర్జన పడుతున్నారు. సీసా తెప్పించి చూస్తే అడుగున గట్టిగా పేరుకుపోయి ఉంది. ఎవరూ ఊపమని చెప్పలేదట, లేబుల్ మీద ఇంగ్లీషులో ఉంది, ఆమె తెలుగు కూడా కష్టంగా చదువుతుంది. ఫెనిటాయిన్ గురించి ఇంకో మాట, మాత్ర, క్యాప్సూల్‌లో ఉండేది ఫెనిటాయిన్ సోడియం, 100 మిల్లీగ్రాములలో అసలు ఫెనిటాయిన్ 92 మాత్రమే. సస్పెన్షన్‌లో ఉండేది నేరుగా ఫెనిటాయిన్. అంకెకి అంకె సమానం కాదు.

పొడిగా వచ్చే యాంటీబయాటిక్ సీసాలు, డ్రై సిరప్ అంటాం కదా, వాటిని కలపడంలోనూ చాలా తేడాలు చూశాను. ముందు సీసాని తట్టి పొడిని వదులు చేయాలి, కాచి చల్లార్చిన నీళ్ళు (లేదా దాంతోపాటు ఇచ్చిన నీళ్ళు) సగం పోసి బాగా ఊపాలి, తర్వాత గీత దాకా పోసి మళ్ళీ ఊపాలి, నురగ తగ్గాక గీత కిందకి దిగితే ఇంకొంచెం పోయాలి. వేడినీళ్ళు పోయకూడదు. అమాక్సిసిలిన్-క్లావులనేట్ కలిపాక ఫ్రిజ్‌లో పెట్టి ఏడు రోజుల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. మేలో రామగుండంలోనో రెంటచింతలలోనో వంటింటి అలమరలో పెట్టిన ఆ సీసా మూడో రోజుకి ఎంత మిగిలిందో దేవుడికే తెలియాలి. "పోయినసారి మిగిలింది ఉంది, అదే ఇచ్చాం" అనే మాట వింటే నాకు ఇప్పటికీ టెన్షనే. మాత్ర అయితే స్ట్రిప్‌లో ఎక్స్‌పైరీ దాకా అలాగే ఉంటుంది.

మీ నాన్నగారికి షుగర్ అన్నారు కాబట్టి ఇదీ చెప్పాలి. ఫార్మకోపియాలో సింపుల్ సిరప్ అంటే 100 గ్రాముల్లో 66.7 గ్రాములు చక్కెర. మార్కెట్లో దొరికే ప్రతి సిరప్‌లోనూ అంత ఉండకపోవచ్చు గానీ చాలావాటిలో బాగానే ఉంటుంది. ఆయనకి 650 పారాసెటమాల్ అందాలంటే 250 సిరప్ 13 ఎం.ఎల్ తాగాలి, 120 సిరప్ అయితే 27 ఎం.ఎల్. 60 ఎం.ఎల్ సీసా రెండు డోసులకే ఖాళీ. షుగర్-ఫ్రీ అని రాసినవి చాలావాటిలో సార్బిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, ఎక్కువ తాగితే విరేచనాలు. దగ్గు సిరప్‌లు, టానిక్కులు రాత్రి పడుకునే ముందు తాగించి పిల్లలకి పళ్ళు తోమించకపోతే పళ్ళు పుచ్చుతాయి, ఐరన్ సిరప్ అయితే నల్లబడతాయి కూడా. స్ట్రాతో తాగించండి.

ఒక చేదు సంగతి కూడా దాటేయలేను. మందుని ద్రవంలో కరిగించాలంటే ఏదో ఒక ద్రావకం కావాలి, మాత్రకి ఆ అవసరం లేదు. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే మందు అప్పటికే మాత్రగా, పొడిగా బాగానే వాడుతున్నారు, జనం ద్రవరూపం అడుగుతున్నారని ఒక కంపెనీ దాన్ని డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి అమ్మింది. కిడ్నీలు పాడై వందమందికి పైగా చనిపోయారు. ఆ మరుసటి ఏడాది, 1938లో, అక్కడ కొత్త మందుల చట్టం వచ్చింది. మాత్రగా ఉన్నంతకాలం ఆ మందుతో ఆ గొడవ లేదు! అదే విషం 2022లో గాంబియాలో సుమారు 70 మంది పిల్లల్ని, 2025లో మన దేశంలోనే మధ్యప్రదేశ్ ఛింద్వాడా ప్రాంతంలో ఇరవై మందికి పైగా పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. ఇవి అరుదు, మీ ఇంట్లో ఉన్న పారాసెటమాల్ సిరప్ చూసి భయపడక్కర్లేదు. కానీ దగ్గు, జలుబు సిరప్‌లు రెండేళ్ళ లోపు పిల్లలకి ఇవ్వొద్దని, ఐదేళ్ళ లోపు సాధారణంగా సిఫార్సు చేయరని 2025 అక్టోబరులో కేంద్రం మళ్ళీ చెప్పింది. మీ బాబుకి నాలుగేళ్ళు కాబట్టి షాపులో అడిగి దగ్గు సిరప్ తెచ్చే అలవాటు ఉంటే మానేయండి. ఏడాది దాటిన పిల్లలకి దగ్గుకి ఒక చెంచా తేనె చాలాసార్లు ఆ సిరప్‌ల కంటే నయం. ఏడాది లోపు పిల్లలకి తేనె అసలు పెట్టకూడదు.

ఇక నూరడం. కొన్ని మాత్రలకి రూపమే మందులో భాగం. ఎస్.ఆర్, ఎక్స్.ఆర్, ఇ.ఆర్, సి.ఆర్, ఎక్స్.ఎల్, రిటార్డ్, క్రోనో ఇలాంటివి పేరు చివర ఉంటే అది పన్నెండు గంటలో ఇరవైనాలుగు గంటలో కొంచెం కొంచెంగా వదలడానికి చేసిన మాత్ర. నూరితే రోజు మొత్తం రావాల్సింది ఒక్కసారిగా వచ్చేస్తుంది. నిఫెడిపిన్ రిటార్డ్ మాత్రని పక్షవాతం వచ్చిన పెద్దాయనకి ఇంట్లోవాళ్ళు రోట్లో నూరి మజ్జిగలో ఇచ్చారు, బీపీ ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పితే క్యాజువాలిటీకి తెచ్చారు. వాళ్ళ తప్పేం లేదు, ఎవరూ చెప్పలేదు. రెండో రకం ఎంటరిక్ పూత ఉన్నవి, కడుపులో ఆమ్లానికి తట్టుకుని పేగుల్లోకి వెళ్ళాకే విచ్చుకోవాలి. ల్యాబ్‌లో వీటిని రెండు గంటలు ఆమ్లంలో ముంచి విడిపోలేదని చూశాకే పాస్ చేస్తారు. క్యాన్సర్ మందులు కూడా ఇంట్లో నూరకూడదు, ఆ పొడి నూరేవాళ్ళకే హాని.

మీ నాన్నగారి నాలుగూ ఒక్కొక్కటి చూద్దాం. మెట్‌ఫార్మిన్ ఎస్.ఆర్ నూరకూడదు. మామూలు మెట్‌ఫార్మిన్‌కి మార్చి రోజుకి రెండు మూడు సార్లు ఇచ్చేలా రాయగలరేమో డాక్టర్‌ని అడగండి, అది చిన్న ముక్కలు చేసుకోవచ్చు, చేదుగా ఉంటుంది మరి. పాంటోప్రజోల్ ఎంటరిక్ పూత, నూరితే ఆమ్లంలో పాడైపోతుంది, వేసుకున్నా వేసుకోనట్టే. బదులుగా నోట్లో కరిగే లాన్సోప్రజోల్ మాత్రలున్నాయి, కుదురుతుందేమో అడగండి. ఆమ్లోడిపిన్ మామూలు చిన్న మాత్ర, నీళ్ళలో కలిపి వెంటనే తాగించవచ్చు. టెల్మిసార్టాన్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, అందుకే స్ట్రిప్‌లోంచి తీసి వారం డబ్బాలో సర్దకండి, వేసుకునే నిమిషంలోనే తీయండి. ఈ రెండూ కలిపిన మాత్ర ఒకటి దొరుకుతుంది, మింగాల్సినవాటిలో ఒకటి తగ్గుతుంది. తేనె గురించి నేనేం చెప్పను, షుగర్ పేషెంటు అని మీరే రాశారు. పెరుగో, మెత్తగా కలిపిన అన్నమో ఒక చెంచా చాలు.

సిరప్‌కీ మాత్రకీ మధ్య మూడో దారి ఉందని చాలామందికి గుర్తు రాదు, డిస్పర్సిబుల్ మాత్రలు, డి.టి అని రాసి ఉంటుంది. చెంచాడు నీళ్ళలో వేస్తే విడిపోతాయి. విరేచనాలకి ఓఆర్ఎస్‌తో పాటు ఇచ్చే జింక్ మాత్ర ఇదే, ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాములు 14 రోజులు. పిల్లల టీబీ మందులు కూడా ఇప్పుడు ఇలాగే వస్తున్నాయి. కొలత తప్పదు, ఫ్రిజ్ అక్కర్లేదు, సీసా పగలదు. నన్నడిగితే పిల్లలకి దొరికిన చోటల్లా సిరప్ కంటే ఇదే అడగండి అంటాను.

మింగడం గురించి. చాలామంది మాత్ర నాలుక మీద పెట్టుకుని తల వెనక్కి వాలుస్తారు, దాంతో గొంతు ఇంకా బిగుస్తుంది. క్యాప్సూల్ తేలికగా ఉండి నీళ్ళలో తేలుతుంది కాబట్టి నీళ్ళు నోట్లో పెట్టుకుని తల కొంచెం ముందుకి వంచి మింగమనండి. మాత్రకైతే నీళ్ళున్న మెత్తటి ప్లాస్టిక్ సీసా మూతికి పెదాలు గట్టిగా ఆనించి పీలుస్తూ మింగితే సులువు. గ్లాసు నిండా నీళ్ళు, కూర్చునే, వేసుకున్నాక వెంటనే పడుకోకుండా. డాక్సీసైక్లిన్‌లాంటివి అన్నవాహికలో ఇరుక్కుంటే పుండు పడుతుంది.

అయితే ఒక్క విషయం నన్ను ఆపుతోంది. ఆయనకి ఈ ఇబ్బంది ఈమధ్యే మొదలైందన్నారు. మాత్రలకేనా, అన్నం ముద్ద కూడా అడ్డం పడుతోందా? నీళ్ళు తాగితే దగ్గు వస్తోందా, గొంతు మారిందా, బరువు తగ్గారా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సిరప్ గురించి ఆలోచించడం ఆపి ముందు డాక్టర్‌కి చూపించండి, ఎండోస్కోపీ అవసరమేమో వాళ్ళు చెప్తారు. నీళ్ళకే పొలమారే మనిషికి పల్చటి సిరప్ ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం మాత్ర కంటే ఎక్కువ కూడా. ఆయన వయసెంతో, ఎప్పుడైనా పక్షవాతం లక్షణాలు వచ్చాయో రాయలేదు మీరు. వెళ్ళేటప్పుడు ఆయన వాడే స్ట్రిప్‌లన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్ళండి, పేర్లు నోటితో చెప్తే ఎస్.ఆర్ లాంటి చివరి అక్షరాలు ఎవరికీ గుర్తుండవు.